పొద్దును నమ్మినవి, వేడిని నమ్మినవి

రోహిణి కార్తె ఏటా మే 25 ప్రాంతంలోనే వస్తుంది. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో, ఆరుద్ర జూన్ 21, 22 తేదీల్లో వస్తాయి. ఎండలు ఎంత ముదిరినా, వానలు ఎంత వెనకబడినా కార్తె తేదీ మారదు. అది సూర్యుడి నడకను బట్టి కట్టిన లెక్క. ఆరుద్ర పురుగు మాత్రం ఆ లెక్క చూడదు. తొలకరి పడి నేల మెత్తబడితేనే ఎర్ర మఖమల్ ముక్కలా పైకి వస్తుంది. వాన పది రోజులు ఆలస్యమైతే కార్తె వచ్చినా పురుగు కనపడదు. రైతుకు ఈ రెండు లెక్కలూ తెలుసు. కార్తె చూసి విత్తనం సిద్ధం చేసుకుంటాడు, పదును చూసి విత్తుతాడు.

అడవిలో బతికే జీవాలన్నిటికీ అలా రెండూ సరిచూసుకునే వీలు లేదు. కొన్ని ప్రధానంగా పగటి పొడవును బట్టి నడుస్తాయి, కొన్ని వేడిని బట్టి. వేల ఏళ్లుగా పొద్దూ వేడీ దాదాపు జతగా నడిచాయి కనుక ఏ జీవి దేన్ని నమ్ముకున్నా పెద్ద తేడా పడలేదు. ఇప్పుడు పొద్దు తన చోటే ఉంది, వేడి ముందుకు జరిగింది. పొద్దును నమ్మిన జంతువుకూ, వేడిని నమ్మిన దాని తిండికీ మధ్య ఎడం పడింది. వేడెక్కిన భూమి అనగానే ఎండకు సొమ్మసిల్లిన జింకో, ఎండిపోయిన చెరువో కళ్లముందుకొస్తుంది. వసంతం ముందే రావడం వల్ల జరిగే నష్టం అలా కంటికి ఆనదు. అడవి పచ్చగానే ఉంటుంది, పురుగులు ఉంటాయి, పిట్టలు ఉంటాయి. ఆ పురుగులు ఉండే రోజులూ, పిల్లలకు ఆకలి వేసే రోజులూ మాత్రం వేరైపోతాయి.

వసంతం ఎంత జరిగిందన్నది ఊహాగానం కాదు. ఇంగ్లండ్‌లో నార్ఫోక్ ప్రాంతానికి చెందిన రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736 నుంచి తన ఎస్టేటులో తొలి చిగురు ఎప్పుడు వచ్చింది, కప్పలు ఎప్పుడు అరిచాయి, వలస పిట్టలు ఎప్పుడు దిగాయి అని రాసుకుంటూ వచ్చాడు. ఆయన పోయాక వారసులు ఆ పని 1958 వరకు కొనసాగించారు. జపాన్‌లో క్యోటో చెర్రీ పూత తేదీలు 9వ శతాబ్దం నుంచి రాజాస్థాన పత్రాల్లో, దినచర్యల్లో దొరుకుతున్నాయి. 2021లో అక్కడ మార్చి 26న చెట్లు నిండుగా పూశాయి. అప్పటివరకు 1,200 ఏళ్ల లెక్కల్లో అంత తొందరగా పూసిన ఏడు లేదు. బ్రిటన్‌లో 406 మొక్కజాతుల పాత, కొత్త లెక్కలన్నీ కలిపి 2022లో పరిశోధకులు తేల్చిన విషయం ఇంకా సూటిగా ఉంది. 1980ల మధ్య నుంచి అక్కడ తొలి పూత, అంతకు ముందటి సగటు కన్నా దాదాపు ఒక నెల ముందే వస్తోంది.

పూల సంగతి అది. ఆ పూలనూ ఆకులనూ నమ్ముకున్న జీవాల కథను అందరికన్నా ఓపికగా చూసినవాళ్లు నెదర్లాండ్స్‌లో ఉన్నారు. అక్కడ హోహె వేలువె అనే అడవిలో 1955 నుంచి చెట్లకు చెక్కపెట్టెలు కట్టి, వాటిలో గూళ్లు పెట్టే గ్రేట్ టిట్ పిట్టల గుడ్లనూ పిల్లలనూ ఏటేటా లెక్కపెడుతున్నారు. దీని దగ్గరి చుట్టం, బూడిద రంగు టిట్, మన తూర్పు కనుమల అడవుల్లోనూ తిరుగుతుంది. ఐరోపాలోని టిట్ తన పిల్లలకు ముఖ్యంగా పెట్టేది ఓక్ చెట్ల మీది గొంగళిపురుగులను. ఆ పురుగుల్లో ఎక్కువభాగం వింటర్ మాత్ అనే రెక్కల పురుగు సంతానం.

ఈ మాత్ ఆడదానికి ఎగరడానికి పనికొచ్చే రెక్కలు ఉండవు. నవంబరు, డిసెంబరు చలిలో నేలలోంచి వచ్చి, ఓక్ మాను వెంట పైకి పాకి, కొమ్మల మీద గుడ్లు పెట్టి చనిపోతుంది. ఏప్రిల్‌లో ఆ గుడ్లు పగిలే వేళకు ఓక్ చిగురు విచ్చుకోవాలి. చిగురుకన్నా ముందు పుట్టిన పురుగు తిండి లేక కొద్దిరోజుల్లోనే చస్తుంది. మరీ ఆలస్యంగా పుడితే ఆకు ముదిరి వగరెక్కి ఉంటుంది, పురుగు సరిగా ఎదగదు. సరిగ్గా కుదిరిన పురుగులు కొన్ని వారాలు మేసి, బలిసి, దారం పట్టుకుని నేలకు దిగి మట్టిలో దూరిపోతాయి. అంటే అడవిలో గొంగళిపురుగులు నిండుగా దొరికేది రెండు మూడు వారాలు మాత్రమే. ఆ రోజులు ఎప్పుడొచ్చాయో కనిపెట్టడానికి పరిశోధకులు పట్టిన దారి మన పల్లెల్లో ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. చెట్ల కింద గుడ్డలు కట్టి, పైనుంచి రాలే పురుగుల పెంటికలను పోగుచేసి తూకం వేస్తారు. పెంటికలు ఎక్కువ రాలిన వారమే పురుగులు ఎక్కువ మేసిన వారం.

ఇప్పుడు పిట్ట లెక్క చూడాలి. గ్రేట్ టిట్ రోజుకొక గుడ్డు చొప్పున ఎనిమిది, తొమ్మిది పెడుతుంది. పన్నెండు పదమూడు రోజులు పొదుగుతుంది. పిల్లలకు ఆకలి బాగా పెరిగేది పుట్టిన తొమ్మిదో పదో రోజు నుంచి. ఆ రోజుల్లో తల్లీతండ్రీ కలిసి వందల పురుగులు మోసుకురావాలి. ఇవన్నీ కలిపితే తొలి గుడ్డు పెట్టిన నాటికీ, పురుగులు నిండుగా కావలసిన నాటికీ మధ్య నెల రోజులు. తొలి గుడ్డు పెట్టేటప్పటికి పురుగులు ఇంకా పుట్టనే లేదు, లేదా కంటికి కనపడనంత చిన్నవి. నెలల తర్వాతి బజారు ధర ఊహించి ఈరోజు నాట్లు వేసే రైతులాగే తల్లి పిట్ట కూడా ముందస్తు గుర్తులను నమ్మాలి. దానికి ఉన్న గుర్తులు పగటి పొడవు, వసంతం తొలివారాల వేడి. హోహె వేలువెలో తొలివారాలు అంతగా వేడెక్కలేదు. గుడ్లు పెట్టేశాక వచ్చే వారాలే బాగా వేడెక్కాయి. వేడికి పురుగులు త్వరగా ఎదిగి, త్వరగా నేలకు దిగిపోతున్నాయి. గుడ్డు పెట్టేసిన తల్లి ఇక వెనక్కి వెళ్లి తేదీ మార్చుకోలేదు. మార్సెల్ విస్సర్ బృందం 1998లో ఈ సంగతి బయటపెట్టాక కానీ ‘వేళ తప్పడం’ అనే మాటకు వన్యప్రాణి శాస్త్రంలో ఇంత బరువు రాలేదు.

అదే పిట్ట, సముద్రం అవతల ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవిలో వేరే కథ చెబుతోంది. అక్కడ 1947 నుంచి లెక్కలున్నాయి. 1960ల నాటికన్నా అక్కడి టిట్‌లు రెండు వారాలు ముందే గుడ్లు పెడుతూ పురుగులతో జత కలుపుకున్నాయి. రెండు అడవుల మధ్య దూరం కొన్ని వందల కిలోమీటర్లే. ఏ వారాలు ఎంత వేడెక్కాయి అన్నదే ఫలితాన్ని మార్చేసింది. ఒక దేశపు సగటు వేడి ఇన్ని డిగ్రీలు పెరిగింది కనుక ఫలానా పిట్టకు ఇంత నష్టం అని లెక్క కట్టేవాళ్లు ఈ రెండు అడవులనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

పురుగు కూడా ఊరుకోలేదు. నెదర్లాండ్స్‌లో 1990లలో వింటర్ మాత్ గుడ్లు ఓక్ చిగురుకన్నా ముందే పగిలి, పురుగులు ఆకలికి చచ్చేవి. అలా తొందరపడిన వంశాలు తగ్గి, ఆలస్యంగా పగిలే గుడ్ల వంశాలు మిగిలాయి. పదిహేనేళ్లలోపే ఆ అడవి మాత్‌ల గుడ్లు ఒకే వేడి దగ్గర మునుపటికన్నా కొన్ని రోజులు ఆలస్యంగా పగలడం మొదలైంది. ఏడాదికొక తరం గడిచే పురుగుకు ఇది సాధ్యం. పిట్టకు అంత తేలిక కాదు, పెద్ద జంతువుకు మరీ కష్టం.

ఇక్కడొక సంగతి దాచకూడదు. వేళ తప్పిన ఏళ్లలో హోహె వేలువె టిట్‌లకు గూడు దాటి ఎగిరే పిల్లలు తగ్గినా, మొత్తం సంఖ్య చాలాకాలం పడిపోలేదు. ఎగిరిన కొద్దిమందికి చలికాలంలో పోటీ తక్కువై ఎక్కువమంది బతికారని 2013లో తేలింది. నష్టం ఉంది, దాన్ని పూడ్చే మార్గమూ ఉంది. పిట్ట అక్కడే ఏడాదంతా ఉంటుంది కాబట్టి ఆ వెసులుబాటు దొరికింది.

ఏడాదంతా అక్కడే ఉండని పిట్ట గతి వేరు. పైడ్ ఫ్లైక్యాచర్ పదీ పన్నెండు గ్రాముల బరువుండే నలుపు తెలుపుల పిట్ట. చలికాలం పశ్చిమ ఆఫ్రికాలో గడిపి, సహారా దాటి, నాలుగైదు వేల కిలోమీటర్లు ఎగిరి అవే ఓక్ అడవులకు వస్తుంది, అవే గొంగళిపురుగుల కోసం. ఎప్పుడు బయల్దేరాలో దానికి చెప్పేవి పగటి పొడవూ, ఒంట్లోని ఏడాది గడియారమూ. నెదర్లాండ్స్‌లో ఆ ఏడు చిగురు ముందే వచ్చిందన్న కబురు ఐవరీకోస్ట్ అడవిలో ఉన్న పిట్టకు అందే దారి లేదు. అలవాటైన వేళకే వచ్చి దిగేసరికి వసంతం సగం గడిచిపోయి ఉంటుంది. వచ్చిన తర్వాత తీరిక లేకుండా వెంటనే గుడ్లు పెట్టి కొంత వేళ కలుపుకుందని క్రిస్టియాన్ బోత్, విస్సర్ 2001లో చూపించారు. అది చాలలేదు. 2006లో వాళ్లు ప్రకటించిన లెక్క గుండె బరువెక్కించేది. గొంగళిపురుగులు బాగా ముందే ముగిసిపోయే అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఈ పిట్టలు దాదాపు 90 శాతం తగ్గాయి. పురుగులు ఆలస్యంగా వచ్చే అడవుల్లో తగ్గుదల పది శాతం దగ్గరే ఉంది.

ఆలస్యంగా వచ్చిన పిట్టకు ఇంకో ఆపద కూడా ఉంది. చలికాలాలు తేలికపడి గ్రేట్ టిట్‌లు ఎక్కువగా బతికిన ఏడు, చెక్కపెట్టెలన్నీ ముందే నిండిపోతాయి. ఖాళీ అనుకుని లోపలికి దూరిన ఫ్లైక్యాచర్‌ను టిట్ అక్కడే పొడిచి చంపేస్తుంది, కొన్నిసార్లు మెదడు తింటుంది. కొన్ని ఏళ్లలో మగ ఫ్లైక్యాచర్లలో దాదాపు తొమ్మిది శాతం ఇలా పోయాయని 2019లో లెక్క తేలింది. రెండు జాతులూ తమ తమ తేదీల్లో గూళ్లు కట్టుకున్నంతకాలం ఈ పోరు తక్కువ. తేదీలు మారితే ఇరుగుపొరుగు సంబంధం కూడా మారిపోతుంది.

ఈ పిట్ట విషయంలో ఆశ కలిగించిన ప్రయోగం కూడా బోత్ బృందానిదే. నెదర్లాండ్స్ ఫ్లైక్యాచర్లను పట్టి, వసంతం ఆలస్యంగా వచ్చే దక్షిణ స్వీడన్‌లో వదిలారు. అక్కడి స్థానిక పిట్టలకన్నా అవి ముందుగా గుడ్లు పెట్టాయి, వాటి సంతానం కూడా ఆ ముందుచూపును వారసత్వంగా అందుకుంది, పిల్లలు బాగా దక్కాయి. పాత ఇంట్లో ఆలస్యమైన పిట్టే కొత్త ఇంట్లో అందరికన్నా ముందు నిలిచింది. తమంతట తాముగా కొన్ని పిట్టలు ఉత్తరానికి జరిగినా జాతికి దారి దొరుకుతుందన్నమాట. జరగడానికి ఉత్తరాన అడవి మిగిలి ఉండాలి.

ఉత్తరానికి జరగడానికి ఇక నేలే లేని పక్షులున్నాయి. సైబీరియా కొసన ఉన్న తైమీర్ ద్వీపకల్పంలో గుడ్లు పెట్టే రెడ్ నాట్ అలాంటిది. అక్కడ మంచు కరిగే తేదీ ఏడాదికి అరరోజు చొప్పున ముందుకు వచ్చింది. ముప్పై మూడేళ్లలో అది రెండు వారాలు దాటింది. మంచు కరగగానే పుట్టే పురుగుల జోరు పిల్లలు పుట్టేలోపే తగ్గిపోతోంది. సరిగా తిండి దొరకని పిల్లలు చిన్న ఒళ్లతో, పొట్టి ముక్కులతో పెరుగుతున్నాయి. ఆ లోటు బయటపడేది తైమీర్‌లో కాదు, చలికాలం గడిపే ఆఫ్రికా తీరాన మారిటేనియాలో. అక్కడి బురదలో మంచి ఆల్చిప్పలు లోతున ఉంటాయి. పొట్టి ముక్కుకు అవి అందవు. అందక సముద్రపు గడ్డి దుంపలు ఏరుకు తింటుంది. అలాంటి పిల్లపక్షులు తక్కువగా బతుకుతున్నాయని 2016లో యాన్ వాన్ గిల్స్ బృందం రాసింది. ధ్రువప్రాంతపు వేడికి ఉష్ణమండలంలో చావు. పులికాట్ సరస్సులో చలికాలం కనిపించే కర్ల్యూ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి జాతి పక్షి కూడా తైమీర్ వంటి ధ్రువ నేలల్లోనే పుట్టేది. పులికాట్ బురదను ఎంత భద్రంగా చూసుకున్నా, అక్కడికి దిగే పిట్ట ఒంటి కొలత అక్కడెక్కడో మంచు కరిగిన తేదీని బట్టి ముందే ఖరారై వస్తుంది.

తిండి వేళే కాదు, తొడుక్కునే బొచ్చు వేళ కూడా తప్పుతోంది. ఉత్తర అమెరికా స్నోషూ కుందేలు చలికాలానికి తెల్లగా, వేసవికి గోధుమ రంగులోకి మారుతుంది. మార్పు మొదలయ్యే వేళను పగటి పొడవు నిర్ణయిస్తుంది. మంచు ముందే కరిగితే గోధుమ రంగు నేల మీద తెల్ల కుందేలు దూరం నుంచే కనపడిపోతుంది. దానికది తెలియదు, దాక్కోవాలన్న ఆలోచన కూడా రాదు. మోంటానాలో ఆచూకీ తెలిపే కాలర్లు కట్టి చూసినప్పుడు, రంగు పూర్తిగా తప్పిన కుందేళ్లు వారం వారం బతికే అవకాశం మిగతావాటికన్నా ఏడు శాతం మేర తగ్గింది. వారానికి ఏడు అంటే నెలకు ఎంతవుతుందో ఆలోచించాలి.

లాభపడిన జంతువులూ లేకపోలేదు. అమెరికాలో కొలరాడో కొండల్లోని గోథిక్ అనే చోట మార్మట్‌లు అనే పెద్ద ఉడుత జాతి జంతువులు ఏడెనిమిది నెలలు బొరియల్లో నిద్రపోతాయి. అక్కడ బిల్లీ బార్ అనే వ్యక్తి 1970ల నుంచి ఒంటరిగా ఒక గుడిసెలో ఉంటూ రోజూ మంచు లోతునూ, మార్మట్ తొలిసారి కనపడిన రోజునూ రాస్తూ వచ్చాడు. ఆ పుస్తకాల ఆధారంగానే 1970ల మధ్య నాటికన్నా 1990ల చివరికి మార్మట్‌లు 38 రోజులు ముందే లేస్తున్నాయని తేలింది. మేసే రోజులు పెరిగాయి, ఒళ్లు బరువెక్కాయి, 2000 తర్వాత కొన్నేళ్లలో సంఖ్య మూడింతలైంది. కానీ తర్వాతి లెక్కల్లో ఇంకో ముఖం కనపడింది. వేసవిలో బతికేవి పెరుగుతుంటే చలికాలంలో బతికేవి తగ్గుతున్నాయి. మంచు దుప్పటి పలచబడితే బొరియ చల్లబడుతుంది మరి. ఇలాంటి జంతువును లాభం ఖాతాలో రాయాలా నష్టం ఖాతాలో రాయాలా అన్నది ఏ కాలపు లెక్క చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికా ఈశాన్యాన మెయిన్, న్యూహాంప్‌షైర్ అడవుల్లో లాభపడింది గోమార్లు. శరదృతువులో గడ్డి కొసల మీద వేలాడుతూ మూస్ దుప్పుల కోసం కాచుకునే ఈ పురుగులకు తొలి మంచు పడితే ఆట ముగుస్తుంది. మంచు ఆలస్యమైతే ఇంకొన్ని వారాలు దొరుకుతాయి. ఒక్కో దూడ ఒంటి మీద పదుల వేల గోమార్లు. 2014 నుంచి 2016 దాకా అక్కడ గమనించిన దూడల్లో దాదాపు 70 శాతం చలికాలం దాటలేదు.

తెలుగు తీరానికి వస్తే మంచూ లేదు, మంచు కరిగే వసంతమూ లేదు. ఇక్కడ వేడి పనిచేసే తీరే వేరు. ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు దాకా జనవరి, మార్చి నెలల మధ్య రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకెక్కి ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి. ఒడిశాలో రుషికుల్య, గహిర్మాత తీరాల్లోలా లక్షలుగా కాదు, అక్కడొకటి ఇక్కడొకటి. ఆ గుడ్లలో పిల్ల ఆడదో మగదో పుట్టుకతో నిర్ణయం కాదు. పొదిగే కాలంలో నడిమి రోజుల్లో ఇసుక వేడి నిర్ణయిస్తుంది. 29 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఇద్దరూ సగం సగం. అంతకన్నా చల్లగా ఉంటే మగవి ఎక్కువ, వేడెక్కితే ఆడవి ఎక్కువ. ఇంకా వేడెక్కితే గుడ్డులోనే పిల్ల చనిపోతుంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పచ్చ తాబేళ్ల మీద 2018లో వచ్చిన పరిశోధన ఈ సూత్రం ఎంతదూరం పోగలదో చూపింది. అక్కడి పడుచు తాబేళ్లలో 99 శాతానికి పైగా ఆడవే.

ఇక్కడా ముందే గుడ్లు పెట్టడమే రక్షణ. జనవరి గూడు చల్లని ఇసుకలో నడిమి రోజులు గడుపుతుంది. మార్చి చివరి గూడు ఏప్రిల్ ఎండలో ఉడుకుతుంది. కాబట్టి తల్లి తేదీ ముందుకు జరిపిందా లేదా అన్న ఐరోపా పిట్టల ప్రశ్నే ఇక్కడ ఇంకో తీరులో ఎదురవుతుంది. ఒడ్డున పెట్టిన గుడ్లను కుక్కలు, నక్కలు తినకుండా అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు తీసుకెళ్లి కంచె వేసిన హేచరీల్లో పూడ్చే పని తీరమంతటా జరుగుతోంది. ప్రాణాలు నిలబెట్టే పని అది, మారు మాట లేదు. కానీ నీడలేని ఒకేచోట వందల గూళ్లను పక్కపక్కనే పూడిస్తే అన్నిటికీ ఒకే వేడి. తీరమంతా చెదిరి ఉన్నప్పుడు సరుగుడు చెట్ల నీడలో కొన్ని, అల తడిలో కొన్ని ఉండేవి. ఆ తేడాయే ఆడా మగా రెంటినీ పుట్టించేది. ప్రపంచంలో కొన్ని హేచరీలు కొన్ని గూళ్లకు నీడ వేసి ఆ తేడాను తిరిగి తెస్తున్నాయి. అన్నిటికీ నీడ వేస్తే అన్నీ మగవే పుట్టే ప్రమాదం ఉంది కనుక కొన్నిటికే. మరపడవల వలల్లో చిక్కి ఏటా చలికాలంలో ఒడ్డుకు కొట్టుకొచ్చే తల్లి తాబేళ్ల కళేబరాలు ఎలాగూ కళ్లముందున్న గాయం. కళ్లకు కనపడకుండా ఇసుకలో తప్పే లెక్క దానికి తోడైతే తట్టుకోవడం కష్టం.

ఆ లెక్కను పట్టుకోవడానికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు. గుడ్లు పూడ్చిన రోజు, పిల్లలు ఇసుక చీల్చుకుని వచ్చిన రోజు హేచరీ పుస్తకాల్లో రాస్తారు. ఇసుక ఎంత వేడిగా ఉంటే పొదిగే రోజులు అంత తగ్గుతాయి. అరవై రోజులు పట్టిన గూడుకూ నలభై అయిదుకే పగిలిన గూడుకూ మధ్య ఇసుక వేడి తేడా ఉంది, పుట్టిన పిల్లల్లో ఆడా మగా వాటా తేడా కూడా ఉంది. మార్షమ్ కుటుంబం రెండు వందల ఇరవై ఏళ్లు రాసిన పుస్తకం లాంటిదే ఇదీ. ఒక్కో హేచరీలో ఆ రెండు తేదీల మధ్య రోజులు ఏటేటా ఎన్ని తగ్గుతున్నాయో వరసగా పేర్చి చూస్తే, ఏ నెల గూళ్లకు నీడ కావాలో ఆ వరసే చెబుతుంది.